జిర్కోనియా క్యాప్‌కు గ్లేజా, పాలిషా, శాండ్‌బ్లాస్టింగా? గట్టిదనం ఎంత మారుతుంది, దేనికి ఏది వేయించాలి

ముందే చెప్పేస్తా. నమిలే పంటికి జిర్కోనియా (లోహం కాని, తెల్లటి గట్టి సెరామిక్) క్యాప్ వేయించుకుంటుంటే నమిలే వైపు పాలిష్ చేయించండి, పైన గాజు పొరలా కాల్చే గ్లేజ్‌ను నమ్ముకోవద్దు. నవ్వితే కనపడే ముందు పంటికి బయటి వైపు గ్లేజ్ పర్వాలేదు, చూడ్డానికి బాగుంటుంది కూడా. క్యాప్ లోపల, అంటే సిమెంటు పట్టే వైపు, సన్న రేణువులను తక్కువ ప్రెషర్ గాలితో కొట్టి గరుకు చేసే శాండ్‌బ్లాస్టింగ్. నోట్లో పెట్టాక ఎత్తు తగ్గించడానికి డాక్టరు గ్రైండ్ చేస్తే ఆ చోట మళ్లీ పాలిష్ చేయించుకోకుండా కుర్చీ దిగొద్దు. తొందరలో ఉన్నవాళ్లకు ఇది చాలు. ఎందుకు అని అడిగేవాళ్ల కోసం మిగతాది రాస్తున్నా, ఎందుకంటే ఈ విషయంలో క్లినిక్‌లో ఒక మాట, ల్యాబ్‌లో ఒక మాట, యూట్యూబ్‌లో ఇంకో మాట నడుస్తోంది.

నేను కడపలో డెంటల్ ల్యాబ్‌లో సెరామిక్ పని చేస్తా. ప్రొద్దుటూరు, పులివెందుల, రాయచోటి, మైదుకూరు వైపు క్లినిక్‌ల నుంచి కేసులు వస్తాయి, కొన్ని ఆర్టీసీ కార్గోలో, కొన్ని కాంపౌండరు చేతికిచ్చి పంపుతారు. చీటీలో పన్ను నంబరు ఉంటుంది, షేడు, అంటే పంటి రంగు, ఉంటుంది, ఎప్పటికి కావాలో ఉంటుంది, ఫినిషింగ్ అన్న గడి మాత్రం చాలాసార్లు ఖాళీగా వస్తుంది. ఖాళీగా వదిలేస్తే ఏ ల్యాబ్ అయినా తనకు సులువైన పనే చేస్తుంది. గ్లేజ్ పూసి ఓవెన్‌లో పెడితే క్యాప్ దానంతటదే మెరుస్తూ బయటికొస్తుంది, పాలిష్ అయితే ఒక మనిషి కూర్చుని రుద్దాలి. ఇందులో దాచేదేం లేదు.

గట్టిదనం అంకెలు, వాటితో వచ్చే తికమక

షేడు చూపించుకోడానికి ల్యాబ్ దాకా వచ్చే పెద్దవాళ్లు అడిగేది ఒకటే: "గట్టిదే వెయ్యి నాయనా, శెనక్కాయలు నమలాల." గట్టిదనం మాటకొస్తే జిర్కోనియాకు లోటేం లేదు. విక్కర్స్ పద్ధతిలో కొలిస్తే సుమారు 1200 నుంచి 1300 వస్తుంది, గిగాపాస్కల్ లెక్కలో 12, 13 అనుకోండి. మన పంటి పైపొర ఎనామెల్ 3 నుంచి 4 దగ్గర ఉంటుంది, దాని కిందుండే డెంటిన్ 1 కూడా దాటదు. లిథియం డైసిలికేట్ అనే ఇంకో రకం సెరామిక్ క్యాపులు 6 దగ్గర, గ్లేజ్ అనే గాజు పొర కూడా ఇంచుమించు అక్కడే, 5 లేదా 6.

ఈ అంకెలు చూసి జనం రెండు రకాలుగా అనుకుంటారు, రెండూ సగమే నిజం. ఒకటి, ఇంత గట్టిది కాబట్టి విరగదు అని. గట్టిదనం అంటే గీత పడకుండా, సొట్ట పడకుండా తట్టుకోవడం, విరగకుండా తట్టుకోవడం వేరే గుణం. గాజు కూడా గట్టిదే, కింద పడితే ఏమవుతుందో తెలుసు కదా. జిర్కోనియా విరగకపోవడానికి కారణం దాని లోపల జరిగే ఇంకో పని, అది కింద చెప్తా. రెండోది, ఎనామెల్ కన్నా మూడు నాలుగు రెట్లు గట్టిది కాబట్టి ఎదురుగా ఉన్న మంచి పన్నును తినేస్తుంది అని. కొందరు డాక్టర్లు కూడా ఇదే చెప్పి జిర్కోనియా వద్దంటారు. ఎదురు పన్ను అరగడంలో గట్టిదనం కన్నా గరుకుదనం పాత్ర ఎక్కువ. నున్నగా పాలిష్ చేసిన జిర్కోనియా మీద ఎనామెల్ జారిపోతుంది, అరుగుదల తక్కువ. దానికన్నా మెత్తనైన మామూలు పోర్సిలిన్ మాత్రం వాడేకొద్దీ పైన చిట్లి గరుకెక్కుతుంది, రాలిన పొడి పళ్ల మధ్య పడి ఎదురు పన్నును రాకుతుంది. పరీక్షల్లో కూడా ఎనామెల్‌ను తక్కువ అరగదీసేది పాలిష్ చేసిన జిర్కోనియానే అని మళ్లీమళ్లీ తేలింది, గ్లేజ్ చేసిన జిర్కోనియా కన్నా, పోర్సిలిన్ కన్నా.

కాబట్టి "పైపూత వల్ల గట్టిదనం పెరుగుతుందా తగ్గుతుందా" అని అడిగేటప్పుడు అసలు మనకు కావాల్సింది ఆ అంకె కాదని గుర్తుంచుకోవాలి. అయినా అంకె దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే సెమినార్లలో, కంపెనీ బ్రోషర్లలో ఎక్కువ మోసపోయేది అక్కడే.

విక్కర్స్ టెస్టులో వజ్రంతో చేసిన చిన్న పిరమిడ్‌ను, దాని ఎదురెదురు ముఖాల మధ్య కోణం 136 డిగ్రీలు, క్యాప్ మీద ఒక బరువుతో నొక్కుతారు. పడిన చతురస్రపు గుంట కర్ణాలను మైక్రోస్కోపులో కొలిచి అంకె కడతారు. ఒక కిలో బరువుతో నొక్కితే జిర్కోనియా మీద ఆ గుంట కర్ణం దాదాపు 38 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), లోతు కర్ణంలో ఏడో వంతు, అంటే ఐదారు మైక్రాన్లే. పది కిలోలతో నొక్కితే కర్ణం 120 మైక్రాన్లు దాటుతుంది, లోతు 17 దగ్గరికి వస్తుంది. వంద గ్రాములతో నొక్కితే లోతు రెండు మైక్రాన్లు కూడా ఉండదు. ఇప్పుడు ఆలోచించండి. శాండ్‌బ్లాస్టింగ్ వల్ల మార్పు వచ్చేది పైన ఉన్న కొన్ని మైక్రాన్లలోనే, గ్లేజ్ పొర అయితే పదుల మైక్రాన్లు ఉంటుంది. తక్కువ బరువుతో కొలిస్తే మీరు పై తోలును కొలుస్తున్నారు, ఎక్కువ బరువుతో కొలిస్తే లోపలి దాన్ని. ఒకే ముక్కకు రెండు అంకెలు వస్తాయి, రెండూ అబద్ధం కాదు. పైగా ఏ మార్పూ చేయని ముక్క మీద కూడా బరువు తగ్గించేకొద్దీ అంకె కాస్త ఎక్కువ చూపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. శాండ్‌బ్లాస్ట్ చేసిన పైభాగం గరుకుగా, మసకగా ఉంటుంది, దాని మీద గుంట అంచులు సరిగ్గా కనపడవు. కనపడాలని కొలిచే ముందు కొద్దిగా పాలిష్ చేస్తే, కొలవాల్సిన పొరే కొంత ఎగిరిపోతుంది. అందుకే శాండ్‌బ్లాస్టింగ్ వల్ల గట్టిదనం పెరిగిందని చెప్పే పేపర్లూ ఉన్నాయి, తగ్గిందని చెప్పేవీ ఉన్నాయి. ఎవరైనా "మా ట్రీట్‌మెంట్‌తో గట్టిదనం ఇంత శాతం పెరిగింది" అని స్లైడు చూపిస్తే ఎంత బరువుతో కొలిచారు, కొలిచే ముందు ముక్కను ఏం చేశారు అని అడగండి. జవాబు రాకపోతే టీ తాగి వచ్చేయండి.

లోపల జరిగేది

ఇది అర్థమైతే మిగతా అంతా సులువు. స్వచ్ఛమైన జిర్కోనియాకు మూడు రూపాలు. మామూలు వేడిలో మోనోక్లినిక్, 1170 డిగ్రీలు దాటితే టెట్రాగోనల్, 2370 దాటితే క్యూబిక్. చల్లారేటప్పుడు టెట్రాగోనల్ నుంచి మోనోక్లినిక్‌కు మారుతూ నాలుగైదు శాతం ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు ముక్క పగిలిపోతుంది. అందుకే ఇట్రియా అనే ఇంకో ఆక్సైడ్ కలుపుతారు. 3 మోల్ శాతం కలిపితే చల్లారాక కూడా టెట్రాగోనల్ రూపం అలాగే నిలబడుతుంది, కాకపోతే ఎప్పుడు అవకాశం దొరికితే అప్పుడు మారడానికి సిద్ధంగా ఉంటుంది. పగులు మొదలైతే ఆ పగులు కొస దగ్గరి రేణువులు మోనోక్లినిక్‌గా మారి, ఉబ్బి, పగులును రెండు పక్కల నుంచి నొక్కి ఆపేస్తాయి. 1975లో ఆస్ట్రేలియాలో గార్వీ, ఆయన సహచరులు దీన్ని గమనించి సెరామిక్ స్టీల్ అనొచ్చా అని అడిగారు. జిర్కోనియా పేరు అక్కడి నుంచే మోగింది.

మనకు కావాల్సిన సంగతి ఏంటంటే, ఈ మార్పును పగులు మాత్రమే కాదు, బర్ (గ్రైండ్ చేసే సన్న ముక్కు) రాపిడీ తెస్తుంది, శాండ్‌బ్లాస్టింగ్ దెబ్బా తెస్తుంది, నోట్లో ఏళ్ల తరబడి తగిలే తడీ తెస్తుంది. పైపొర ఉబ్బితే ఆ పొరలో నొక్కుడు ఒత్తిడి నిలుస్తుంది, అది కొంతవరకు మంచిదే, పగుళ్లు తెరుచుకోకుండా పట్టి ఉంచుతుంది. కానీ దెబ్బ గట్టిగా పడితే ఆ పొరను దాటి సన్న నెర్రెలు లోపలికి పోతాయి. మేలు చేసే పొర లోతు ఎంత, నెర్రె లోతు ఎంత, ఏది ఎక్కువైతే అదే గెలుస్తుంది. శాండ్‌బ్లాస్టింగ్ మీద వాదులాడుకునే ఇద్దరూ ఒకోసారి కరెక్టే ఎందుకవుతారో ఇక్కడే ఉంది.

గ్లేజ్

తక్కువ వేడికి కరిగే గాజు పొడిని ద్రవంలో కలిపి కుంచెతో పూసి, 800 నుంచి 900 డిగ్రీల మధ్య కాలుస్తారు. రంగు మచ్చలు, షేడు సర్దుబాట్లు దీని కిందే దాగుతాయి కాబట్టి ముందు పళ్లకు ఇది కావాలి, వాదన లేదు. కానీ గ్లేజ్ చేశాక మీరు పైన కొలిచే గట్టిదనం జిర్కోనియాది కాదు, గాజుది. 12 కాస్తా 5, 6కు పడిపోతుంది. పడిపోయినా దాంతో నష్టం లేదు, నష్టం ఎక్కడంటే నమిలే చోట ఆ పొర నిలవదు. ఎవరి కొరుకుడును బట్టి వాళ్లకు, కొందరికి నెలల్లోనే తాకే బిందువుల దగ్గర గ్లేజ్ అరిగిపోతుంది. అప్పుడు కింద ఏముందో బయటపడుతుంది. కింద పాలిష్ చేసి ఉంటే ఇబ్బంది లేదు. మిల్లింగ్ మెషీన్ గీతలు, బర్ గీతలు అలాగే ఉంచి "గ్లేజ్ కప్పేస్తుందిలే" అని పూసి ఉంటే మాత్రం, ఎదురు పన్నుకు 12 గిగాపాస్కల్ ఆకురాయి తగులుతున్నట్టే.

కాబట్టి గ్లేజ్ కావాలంటే ముందు పాలిష్, దాని మీద పలచగా గ్లేజ్. రెండూ అడగండి. ల్యాబ్ వాళ్లు మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనివ్వండి.

పాలిష్

నా ఓటు దీనికే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా.

పాలిష్ చేసిన జిర్కోనియా గట్టిదనం లోపలి ముక్క గట్టిదనానికి దగ్గరగానే ఉంటుంది, 12, 13. పోయిందేం లేదు. మారేది గరుకుదనం. పాచి పట్టడం గురించి చెప్పేటప్పుడు సగటు గరుకుదనం 0.2 మైక్రాన్లను ఒక హద్దుగా తీసుకుంటారు, దానికన్నా నున్నగా చేసినా పాచి ఇంకా తగ్గదు, దానికన్నా గరుకుగా వదిలితే పెరుగుతుంది. సరిగ్గా చేసిన పాలిష్‌తో ఆ హద్దు దగ్గరికి చేరడం కష్టమేం కాదు.

సరిగ్గా అన్నానే, అక్కడే ఉంది పని. బేతంచెర్లలో, తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టేది చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు: ముతక రాయి, తర్వాత మధ్యరకం, తర్వాత సన్నం, ఒక మెట్టు ఎగరగొడితే ఆ గీతలు చివరిదాకా కనపడుతూనే ఉంటాయి, ఎంత రుద్దినా పోవు. జిర్కోనియాకు అంతే. వజ్రపు పొడి కలిపిన రబ్బరు పాలిషర్లు మూడు మెట్లలోనో రెండు మెట్లలోనో వస్తాయి, ఆఖరున కావాలంటే డైమండ్ పేస్టు, బ్రష్. మామూలు పోర్సిలిన్‌కు వాడే సిలికాన్ పాలిషర్లు దీనికి పనికిరావు, వాటిలో ఉండే రేణువు జిర్కోనియా కన్నా మెత్తన అయితే అరిగేది పాలిషరే. మెరుపు వచ్చినట్టు కనపడుతుంది, గోటితో గీస్తే తెలుస్తుంది సంగతి.

పని దగ్గరి నుంచి చూస్తే ఇలా ఉంటుంది. సింటరింగ్ అయ్యి వచ్చిన క్యాప్ సుద్దముక్కలా తెల్లగా, మెరుపు లేకుండా ఉంటుంది. సింటరింగ్ అంటే 1450 నుంచి 1550 డిగ్రీల దగ్గర కాల్చడం, అందులో క్యాప్ ప్రతి వైపూ ఐదో వంతు దాకా కుంచించుకుపోతుంది. ముతక పాలిషర్‌తో మొదలుపెడితే ఆ తెలుపు మీద బూడిదరంగు మసక వస్తుంది, ఇక్కడే కొత్తగా పని నేర్చుకునేవాళ్లు "అయిపోయిందన్నా" అని లేస్తారు. కాలేదు. మధ్యరకంతో కస్పుల (నమిలే వైపు ఉండే గుబ్బల) వాలులు తిరుగుతూ పోతే మసక పోయి జిడ్డు మెరుపు వస్తుంది. సన్నదానితో ట్యూబులైటు గీత క్యాప్ మీద తెగకుండా, వంకర పోకుండా కనపడాలి. ఆ గీత ఎక్కడ చెదిరితే అక్కడ మళ్లీ మొదటి మెట్టు నుంచి. గట్టిగా అదిమి తొందరపడితే వేడెక్కుతుంది, జిర్కోనియా వేడిని త్వరగా వదలదు, ఆ వేడికి సన్న నెర్రెలు పుడతాయి. నెమ్మదిగా, తేలిక చేత్తో, వెనకా ముందూ తిప్పుతూ చేయాలి. గాడుల్లో పాలిషర్ సరిగ్గా దిగదు, నిజమే, కానీ ఎదురు పన్ను తాకేది గాడుల్లో కాదు కాబట్టి దానికి అంత పట్టింపు లేదు.

కుర్చీ దగ్గర గ్రైండింగ్

క్యాప్ పెట్టి, నీలం కాగితం కొరికించి, మచ్చ పడిన చోట డాక్టరు డైమండ్ బర్‌తో తీస్తారు. తప్పదు, చాలా కేసుల్లో కొంచెమైనా ఉంటుంది. నీళ్లు లేకుండా తీస్తే నిప్పురవ్వలు కనపడతాయి, ఆ చోట వేడి ఎంతుందో వాటిని చూస్తేనే తెలుస్తుంది. సన్న డైమండ్ బర్, నీళ్లు బాగా, తేలిక చెయ్యి, తర్వాత పాలిషర్లు వరుసగా. ముతక బర్‌తో తీసి, "చిన్న చోటే కదా, దానంతటదే నున్నగవుతుంది" అని పంపించేయడం నేను చూశా. జిర్కోనియా దానంతటది నున్నగవ్వదు, నున్నగయ్యేది ఎదురు పన్నే, అది కూడా అరిగి. ఒకాయన కింది దవడ పన్ను లాగుతోందని మళ్లీ వెళ్తే, పై క్యాప్ మీద సరిగ్గా గ్రైండ్ చేసిన ఆ చోటుకు ఎదురుగా ఎనామెల్ పోయి డెంటిన్ పసుపుగా కనపడుతోంది. క్యాప్ ఎక్కడ చేశారన్నది అనవసరం, ఎక్కడైనా జరిగేదే.

కుర్చీలో వాడే పాలిషింగ్ కిట్టు క్లినిక్‌లో ఉందా అని ముందే అడగడంలో తప్పు లేదు. లేదంటే ఎత్తు సర్దాక, సిమెంటు పెట్టకముందే, క్యాప్‌ను ల్యాబ్‌కు తిరిగి పంపమనండి. ఒక రోజు ఆలస్యమవుతుంది.

శాండ్‌బ్లాస్టింగ్

ఇది లోపలి వైపుకు, బయటికి కాదు. బయట శాండ్‌బ్లాస్ట్ చేసి అలాగే వదిలేసిన క్యాప్ ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు.

లోపల ఎందుకంటే, పోర్సిలిన్‌కు, లిథియం డైసిలికేట్‌కు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పూసి గరుకు చేసినట్టు జిర్కోనియాకు కుదరదు. ఆమ్లం తినేది గాజును, జిర్కోనియాలో గాజు లేదు. అందుకే అల్యూమినా రేణువులను గాలితో కొట్టి గరుకు చేస్తారు. అల్యూమినా జిర్కోనియా కన్నా గట్టిది, అందుకే పని చేస్తుంది. 50 మైక్రాన్ల రేణువు, 1 నుంచి 2 బార్ ప్రెషర్, నాజిల్‌ను సెంటీమీటరు దూరంలో పెట్టి, ఒకే చోట నిలపకుండా కొన్ని సెకన్లు. 110 మైక్రాన్ల రేణువుతో, 3, 4 బార్ ప్రెషర్‌తో కొడితే పట్టు కొంచెం పెరిగినట్టు అనిపించినా నెర్రెలు లోతుగా పోతాయి, అంచులు చిట్లుతాయి. పలచటి క్యాప్‌కు అది ఖరీదైన బేరం.

గట్టిదనం మాటేంటి అంటే, పైపొరలో కొద్దిగా అటో ఇటో మారుతుంది, కారణాలు పైనే చెప్పా. లోపలి వైపు దాన్ని పట్టించుకోవాల్సిన పని లేదు. సిమెంటు పట్టు ముఖ్యం. శాండ్‌బ్లాస్టింగ్ తర్వాత ఎండీపీ అనే రసాయనం ఉన్న ప్రైమర్ (సిమెంటుకు ముందు పూసేది) పూస్తే దాని ఫాస్ఫేట్ కొస జిర్కోనియాను పట్టుకుంటుంది. ఇక్కడే ఒక చిన్న సంగతి చాలామంది మర్చిపోతారు: ఉమ్మిలో కూడా ఫాస్ఫేట్ ఉంటుంది, క్యాప్‌ను నోట్లో పెట్టి చూసిన మరుక్షణం అది ఆ చోట్లన్నీ ఆక్రమించేస్తుంది. కాబట్టి ట్రయల్ అయ్యాక మళ్లీ శుభ్రం చేయాలి, దానికోసం అమ్మే క్లీనరుతోనో, మళ్లీ తేలిగ్గా శాండ్‌బ్లాస్ట్ చేసో. ఫాస్ఫారిక్ ఆమ్లంతో కడిగితే ఇంకా ఫాస్ఫేట్ పూసినట్టే అవుతుంది.

లేజర్ ట్రీట్‌మెంట్, సిలికా పూసిన రేణువులతో కొట్టడం, ప్లాస్మా, ఇలాంటివి ఇంకా ఉన్నాయి. సిలికా పద్ధతి బాగానే పని చేస్తుంది, దాని మీద సైలేన్ (సిలికాను సిమెంటుతో కలిపే ద్రవం) వాడొచ్చు. లేజర్ ఎక్కువ పవర్‌లో కొడితే పైన కరిగి నెర్రెలు పడతాయి. మన వైపు క్లినిక్‌లో ఎవరైనా వీటికి ప్రత్యేకంగా డబ్బులు అడిగితే ఆలోచించుకోండి, మామూలు శాండ్‌బ్లాస్టింగూ ఎండీపీ ప్రైమరూ చేసే పనికన్నా అవి మీకు అదనంగా ఇచ్చేది పెద్దగా ఉండదు.

గ్రైండింగ్ తర్వాత 1000 డిగ్రీల దగ్గర ఒక పావుగంట కాలిస్తే మోనోక్లినిక్ మళ్లీ టెట్రాగోనల్ అవుతుంది. వినడానికి బాగుంటుంది, కానీ దాంతో పాటు పైపొరలోని నొక్కుడు ఒత్తిడి కూడా పోతుంది, పడిన నెర్రెలు మాత్రం పోవు. కాబట్టి పాడైన క్యాప్‌ను ఓవెన్ బాగుచేస్తుందనుకోవద్దు.

3వైనా, 5వైనా

క్యాప్ ఏ ఫినిష్‌తో రావాలో అడిగే ముందు అది ఏ జిర్కోనియానో అడగాలి. 3 శాతం ఇట్రియా ఉన్నది, ల్యాబుల్లో 3వై అంటాం, వంపు బలం 900 నుంచి 1200 మెగాపాస్కల్, కాకపోతే వెలుతురు తక్కువ పోనిస్తుంది, సున్నం వేసినట్టు తెల్లగా ఉంటుంది. 5వైలో క్యూబిక్ రూపం ఎక్కువ, పన్నులా పారదర్శకంగా ఉంటుంది, బలం 500 నుంచి 700 మధ్య. 4వై మధ్యలో. గట్టిదనం మూడింటిదీ పెద్దగా తేడా లేదు, అన్నీ 12 చుట్టూనే. గట్టిదనం ఒక్కటి చూసి బేరం చేస్తే ఏమవుతుందో దీన్ని బట్టే అర్థం చేసుకోండి.

5వైకి పగులును పట్టి ఆపే గుణం దాదాపు లేదు, మారడానికి టెట్రాగోనల్ తక్కువ కాబట్టి. శాండ్‌బ్లాస్టింగ్ దెబ్బకు 3వై కొంత బలపడొచ్చు, 5వై మాత్రం బలహీనపడుతుంది. దానికి 1 బార్ దాటనివ్వొద్దు. బదులుగా 5వై తడికి పాతబడదు. 3వై పాతబడుతుంది, చాలా నెమ్మదిగా. దీన్ని పరీక్షించడానికి ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీల ఆవిరిలో 5 గంటలు ఉంచుతారు. తుంటి కీళ్లకు వాడిన జిర్కోనియా బంతులు కొన్ని 2001 ప్రాంతంలో విరిగి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, తయారీలో ఓవెన్ మార్చిన బ్యాచ్‌లవి. దంతాల క్యాపుల్లో అంత భయపడాల్సింది లేదు, కానీ గరుకుగా వదిలేసిన, నెర్రెలు పడిన పైభాగంలోకి తడి సులువుగా దిగుతుంది. ఇది కూడా పాలిష్ వైపు చెప్పే మాటే.

మన వైపు ఎవరికి ఏది

దవడ పళ్లు, శెనక్కాయలు, ఎముకలు, వక్కాకు, ఇలా నోటికి పని ఎక్కువ ఉన్నవాళ్లకు: 3వై లేదా 4వై, నమిలే వైపంతా పాలిష్, పక్కల షేడు కోసం పలచగా గ్లేజ్. వక్కాకు ఎక్కువ వేసేవాళ్లు గ్లేజ్ మెరుపు చూసి మురిసిపోవద్దు, వక్క రాపిడికి అది ముందుగా పోతుంది, పోయిన చోట ఎర్రటి గార పడుతుంది.

అనంతపురం జిల్లాలో సత్యసాయి నీళ్లు రాకముందు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లకు పళ్ల మీద ఫ్లోరైడ్ మచ్చలు ఉంటాయి. ఎక్కువగా ఉన్నచోట ఎనామెల్ పైన గట్టిగా కనపడినా లోపల గుల్లగా ఉంటుంది, పెచ్చులుగా ఊడుతుంది. అలాంటి పంటికి ఎదురుగా గరుకు క్యాప్ పెడితే చెప్పక్కర్లేదు. వీళ్లకు పాలిష్ విషయంలో రాజీ వద్దు, ఎదురు పన్ను ఎనామెల్ మరీ పాడై ఉంటే ముందు దాని సంగతి చూసుకోమని డాక్టరును అడగండి. ఇంకో సమస్య షేడు. చుట్టూ పళ్లకు గోధుమ మచ్చలుంటే ఒక్క క్యాప్ తెల్లగా నిలబడుతుంది. ముందు పన్నైతే ఆ మచ్చలు స్టెయిన్‌తో గీసి పైన గ్లేజ్ వేయాల్సిందే, అక్కడ గ్లేజ్‌కు పోటీ లేదు.

ముందు పళ్లు, కొరుకుడు మామూలుగా ఉన్నవాళ్లు: 5వై, బయట గ్లేజ్, లోపలి వైపు, అంటే కింది పళ్లు తాకే నాలుక వైపు, పాలిష్. ఈ చివరి మాట చీటీలో రాయించండి, రాయకపోతే చుట్టూ గ్లేజ్ కొట్టేస్తారు.

రాత్రిపూట పళ్లు కొరికేవాళ్లకు ఏ ఫినిషూ ఒక్కటే కాపాడదు. పాలిష్ చేసిన 3వై వేసి, నైట్ గార్డ్ చేయించుకోవాలి. గార్డ్ వద్దనుకునేవాళ్లు కనీసం ఏడాదికోసారి క్యాప్ మీద మెరుపు ఎక్కడ చెదిరిందో చూపించుకుని మళ్లీ పాలిష్ పట్టించుకోవాలి.

క్యాప్ చేతికొచ్చినప్పుడు మీరే చూసుకోవచ్చు. ఆరబెట్టి, వెలుతురు కింద తిప్పండి, నమిలే వైపు ఎక్కడైనా సుద్దలాంటి మసక మచ్చ ఉంటే అది పాలిష్ కాని చోటు. నోట్లో పెట్టాక నాలుకతో తడమండి. నాలుక చాలా సన్న గరుకును కూడా పట్టేస్తుంది, పక్క పన్ను కన్నా క్యాప్ గరుకుగా అనిపిస్తే నిస్సంకోచంగా చెప్పండి. "రెండు రోజుల్లో అలవాటైపోతుంది" అంటే ఒప్పుకోవద్దు, అలవాటయ్యేది మీ నాలుకకే, ఎదురు పంటికి కాదు.

ఎదురు పన్నుకు కూడా క్యాప్ ఉంటే లెక్క మారుతుంది. ఎదురుగా పాత పోర్సిలిన్ క్యాప్ ఉంటే, అది అరిగి గరుకెక్కి ఉంటుంది, కొత్త జిర్కోనియాను ఎంత పాలిష్ చేసినా ముందు పోయేది పోర్సిలినే, కాబట్టి రెండూ ఒకేసారి మార్చే ఖర్చు పెట్టగలరా అని ఆలోచించుకోండి. ఎదురుగా మెటల్ క్యాప్ ఉంటే అది మెత్తన కాబట్టి మెల్లగా అరుగుతుంది, ఎత్తు తగ్గిందేమో అప్పుడప్పుడు చూపించుకుంటే చాలు. రెండూ జిర్కోనియా అయితే రెండింటికీ పాలిష్ తప్పనిసరి, ఒకదానికి చేసి ఇంకోదానికి గ్లేజ్ వేస్తే ఆ గ్లేజ్ పోయాక మిగిలేది ఒక నున్నటి క్యాప్, ఒక గరుకు క్యాప్.

కింద ఇంప్లాంట్ ఉన్నవాళ్లు ఎత్తును ఇంకాస్త జాగ్రత్తగా చూపించుకోవాలి. ఇంప్లాంట్ చుట్టూ సొంత పన్నుకు ఉండే మెత్తటి పొర ఉండదు కాబట్టి ఎత్తుగా తగులుతున్నా తెలియదు. నీలం కాగితం మచ్చనే నమ్మి గ్రైండ్ చేయించుకోవాలి, ఆ తర్వాత పాలిష్ మామూలే.